గవరయ్య చేతి రాయి

గవరయ్య రెండు చేతులూ మోచేతులు దాటి ఉప్పునీళ్ళలో ఉన్నాయి. కుడిచేతిని రాతిగుట్ట కింద ఆసరాగా పెట్టి, ఎడమచేతి వేళ్ళతో పైరాయిని కొద్దిగా కదిపి చూశాడు. వదులుగా ఊగింది. దాన్ని నీళ్ళలోనే నెమ్మదిగా తిప్పి, నెత్తిన పెరిగిన మెత్తటి పగడం పక్కరాళ్ళకు రాసుకోకుండా పైకి తీసి, స్టూలు మీద పెట్టిన నీలం టబ్బులోకి దించాడు. టబ్బులో ఉన్నవి కూడా ఆ తొట్టెలోంచి తోడిన నీళ్ళే. చేపల్ని ముందే పక్కనున్న ఇంకో టబ్బులోకి మార్చాడు.

“ఒకటి,” అన్నాడు.

“ఇంకా ఎన్నున్నాయి గవరయ్యా?” అంది లలితాంబ. ఆమె కొంగు నడుముకు దోపుకొని, పాత తువ్వాలు పట్టుకొని టబ్బు పక్కన నిలబడింది.

“ఇరవై రెండు తల్లీ. పేర్చినోణ్ణి నేనే గదా.”

ఆ ఇల్లు హౌరా స్టేషనుకు నది అవతల, భవానీపూర్‌లో ఒక పాత మేడ మూడో అంతస్తు. హాల్లో ఒక గోడ పొడవునా ఐదడుగుల సముద్రపు తొట్టె. కలిపి పోసిన ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద పెంచిన పగడాలు, వాటి సందుల్లో చేపలు. తొమ్మిదేళ్ళ కిందట దాన్ని నిలబెట్టింది గవరయ్యే. ఇంటాయన త్యాగరాజు బ్యాంకులో ఆఫీసరు. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. సోఫాలో కూర్చొని పేపరు చదువుతున్నాడు. అరగంటగా అదే పేజీ.

“ఇంత పీకి పందిరెయ్యాలా గవరయ్యా?” అన్నాడు పేపరు దించకుండా. “సీసాలో రొయ్యముక్క పెట్టి ఒక్కరోజు చూస్తే పోయేది.”

“రొయ్యముక్కకి వచ్చేదైతే వస్తాది బాబుగారూ. ముందు అదేటో తెలాల గదా. మనిషెవుడో తెలీకుండా బోను ఎక్కడ పెడతాం?”

గవరయ్య రెండో రాయి మీద చెయ్యి వేశాడు.

గడచిన రెండు నెలల్లో ఆ తొట్టెలో ఐదు చేపలు మాయమయ్యాయి. చచ్చి తేలలేదు, ముల్లు కూడా మిగల్లేదు. రాత్రి ఉన్న చేప పొద్దున్నకు లేదు. రాళ్ళలో ఏదో దాక్కొని ఉంది. పిలవకుండా వచ్చిన ప్రాణి. అలాంటివాటిని కనిపెట్టడమే గవరయ్య బతుకుతెరువు. ఆ ప్రాణి గవరయ్య ఇచ్చిన రాయిలోనే వచ్చిందన్న మాట ఊళ్ళో ఈ తొట్టెలు పెట్టుకున్న వాళ్ళందరి చెవుల్లోనూ పడింది. అతను నెలనెలా చూసే పదకొండు ఇళ్ళలో ఆరిళ్ళవాళ్ళు ఇక రావద్దన్నారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికే ఈరోజు వచ్చాడు. కూలి అడగలేదు, ఇస్తామన్నా వద్దన్నాడు.

గవరయ్య తండ్రి సోములు సోంపేట దగ్గర పల్లె నుంచి వచ్చి, ఇక్కడ కార్పొరేషన్‌లో మురుగుకాలువల పనికి కుదిరాడు. గవరయ్య పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది అంతా ఏక్‌బాల్‌పూర్‌లోనే. తండ్రి పోయాక ఆ ఉద్యోగం పెద్దకొడుకుగా తనకే రావాలి. తమ్ముడికి వదిలేశాడు. అప్పటికే ఆదివారాల్లో బాగ్‌బజార్ వైపు కూడే పెంపుడు జంతువుల సంతలో చేపల సంచులు మోస్తూ, ఆ సంచులు పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూడడం మరిగి ఉన్నాడు.

ఉప్పునీళ్ళ పని అతనికి ఎవరూ నేర్పలేదు. మొదట్లో బతికించిన వాటికంటే చంపినవే ఎక్కువ. ఆ సంగతి దాచడు. ఎందుకు చచ్చిందో తెలిసేదాకా మాత్రం నిద్రపోయేవాడు కాదు. ఇంట్లో కిటికీ గూట్లో ఊరగాయ సీసాలు వరసగా పెట్టి, రాళ్ళలోంచి రాలిన ప్రతి వింత పురుగునూ ఒక్కోదాంట్లో వేసి, భూతద్దం పెట్టి రోజుల తరబడి చూసేవాడు. ఏం తింటుంది, ఎప్పుడు బయటికి వస్తుంది, దేనికి భయపడుతుంది. అది చూశాకే దానికో పేరు. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక తనే పెట్టుకున్నాడు. గాజుపువ్వు అంటే గాజులా మెరుస్తూ ఒకటి పది అయ్యి పగడాల్ని కుట్టి చంపేది. చిటికెరొయ్య రాత్రిళ్ళు చిటికె వేసినట్టు చప్పుడు చేస్తుంది, మరేమీ చెయ్యదు. గుద్దురొయ్య మాత్రం నత్తగుల్లల్ని గుద్ది బద్దలు కొట్టి తింటుంది. రాయితోపాటు ఎవరికీ చెప్పకుండా వచ్చే వీటన్నిటినీ కలిపి ‘టికెట్టు లేనోళ్ళు’ అనేవాడు. హౌరాలో జనరల్ పెట్టె దిగినవాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

“అందరూ దొంగలు కారండి,” అనేవాడు. “సగం మంది పాపం అడ్డం పడి ఎక్కేసినోళ్ళే. సూడకుండా సంపకూడదు, సూడకుండా ఒగ్గేయకూడదు.”

సముద్రంలోంచి రాయి తియ్యడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని తొట్టెలు మూసేసినవాళ్ళ పాతరాళ్ళే చేతులు మారుతుంటాయి. అలాంటి రాయిని గవరయ్య తెచ్చుకుంటే నలభై ఒక్క రోజులు చీకటి టబ్బులో వేరుగా ఉంచేవాడు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి వేసి రోజూ చూసేవాడు. వారానికోసారి మంచినీళ్ళలో ముంచి తీసేవాడు. రాయిలో ఉన్న ప్రతి బొక్కా తెలిశాకే ఇంకొకరి తొట్టెలోకి వెళ్ళనిచ్చేవాడు. నెల సరిపోతుందని ఎవరెన్ని చెప్పినా వినడు.

ఆ నలభై ఒక్క రోజులకూ ‘మండలం’ అని పేరు పెట్టింది త్యాగరాజే. ఆయన ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు. విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చి పాతికేళ్ళయినా, ఆ నలభై ఒక్క రోజులూ నల్లబట్టలు కట్టి బ్యాంకుకు వెళ్ళడం మానలేదు. “రాయికి మాల వేశావా గవరయ్యా? స్వామి ఎన్నో రోజు?” అని ఫోనులో అడిగేవాడు. అది ఆయన నోట విని తొట్టెలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అందరూ అదే అనడం మొదలుపెట్టారు. గవరయ్య మాల వేసిన రాయంటే కళ్ళు మూసుకొని తొట్టెలో దించుకోవచ్చని పేరు.

వాళ్ళిద్దరిదీ యజమాని, పనివాడు అన్న వరసకంటే కాస్త ఎక్కువే. ఆదివారం మధ్యాహ్నం దీపాలార్పి, నేలమీద పక్కపక్కన బోర్లా పడుకొని, ఒకే టార్చితో ఒకే బొక్కలోకి తొంగిచూసిన రోజులున్నాయి. కొత్తపురుగు కనిపిస్తే త్యాగరాజు చిన్నపిల్లాడిలా గవరయ్య భుజం పట్టుకు ఊపేసేవాడు.

పోయిన చలికాలంలో గవరయ్య కళ్ళకు పొర కమ్మింది. మొదట పట్టించుకోలేదు. ఒకరోజు ఇసుకలో పాకే నత్తను గులకరాయి అనుకున్నాడు. అది చూసి త్యాగరాజే తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. సెలవు పెట్టి ఆపరేషను గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఒక కన్ను అయ్యాక రెండోది. మొత్తం మూడు నెలలు వంగకూడదు, నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు అన్నాడు డాక్టరు. “తొట్టె సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు కళ్ళు చూసుకో,” అన్నాడు త్యాగరాజు. ఆపరేషనుకు ముందు గవరయ్య ఆ ఇంటికి ఇచ్చిన చివరి రాయి, మండలం పూర్తయిన పిడికెడంత రాయి, మీద గోధుమరంగు గొడుగుల్లాంటి పగడాలు నాలుగు.

మూడు నెలలయ్యాక మళ్ళీ పనులకు బయల్దేరుతుంటే లక్ష్మీసౌజన్య దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆమె వరంగల్ పిల్ల, న్యూటౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

“అంకుల్, ఏమనుకోకుండ్రి. ఈ నెల రావొద్దు.”

“ఏటమ్మా, ఊరెల్తన్నారా?”

“లేదంకుల్. గ్రూపుల పెట్టిండ్రు కదా, త్యాగరాజు సార్ వాళ్ళ చేపలు పోతున్నయని.” ఆమె కాసేపు నసిగి, చివరికి చదివి వినిపించింది. “ ‘గవరయ్యని ఎవరూ ఏమీ అనకండి. కళ్ళు కనబడని రోజుల్లో ఇచ్చిన రాయి, అందులో ఏదో ఉండిపోయింది. పెద్దవాడైపోయాడు పాపం.’ గిట్ల రాసిండ్రు సార్.”

గవరయ్యకు కోపం రాలేదు. భయం వేసింది. కళ్ళు మసకబారిన రోజుల్లో చూసిన రాయే కదా. నిజంగానే తప్పిపోయిందేమో. ఆ నెలన్నరా అన్నం సయించలేదు. ఊరగాయ సీసాలన్నీ దించి, కొత్త కళ్ళతో ఒక్కొక్కటీ మళ్ళీ చూశాడు. భార్య అప్పలకొండమ్మ చూసి చూసి విసుక్కుంది.

“బియ్యంలో రాయి కనపడదు గానీ, రాయిలో పురుగు నీకు కనపడకపోడమేటి?”

“కళ్ళు పోయాయి గదే అప్పుడు.”

“కళ్ళతోనే సూస్తావేటి నువ్వు? ఏళ్ళెట్టి తడిమేవోడివి గదా. ఎల్లి సూసుకోని రా. ఇక్కడ కూకుంటే ఎవుడు సెప్తాడు?”

అందుకే వచ్చాడు.

పదకొండో రాయి, పన్నెండో రాయి. తీసిన ప్రతి రాయినీ వెనకాముందూ చూసి, బొక్కల్లోకి టార్చి కొట్టి, టబ్బులో పెడుతున్నాడు. మధ్యమధ్య తొట్టెలోకి చూసి తనలో తను మాట్లాడుకుంటున్నాడు. లలితాంబ వింటోంది.

“నత్తలన్నీ ఉన్నాయి. ఒక్క గుల్ల కూడా బద్దలవలేదు. అంటే గుద్దురొయ్య కాదు.”

“మరి రాత్రిళ్ళు టిక్కుటిక్కుమంటోందే?”

“అది చిటికెరొయ్యమ్మా. నాలుగేళ్ళ నుంచీ ఉంది. పాపం దాని మానాన అది బతుకుతాంది.” ఒక ఆకుపచ్చ పగడాన్ని దగ్గరగా చూశాడు. దాని అంచు కత్తెరతో కోసినట్టు అర్ధచంద్రాకారంలో పోయి ఉంది. “పీత అయితే పీకుద్ది, సింపుద్ది. ఇలాగ కొయ్యదు. పోయిన సేపలేవమ్మా?”

“ఆ పసుపుది. ఇసుకలో దూరి పడుకొనేది. తర్వాత గుంట కాపలా కాసే జంట రెండూ. ఊదారంగు తోకది. ఇంకొకటి…”

“కిందనుండీవే. నారింజ సారలయి రెండూ పైన పడుకుంటాయి, రెండూ ఉన్నాయి సూడండి. అంటే ఇది ఈత రానిది. బొక్కలోంచి సగం ఒళ్ళు బయటకెట్టి పట్టుకొనీది. పురుగమ్మా ఇది. పెద్ద పురుగు.”

సోఫాలో పేపరు చప్పుడయింది.

ఇరవయ్యో రాయి. ఇరవై ఒకటి. గొడుగుల పగడాలున్న పిడికెడు రాయి ఇరవై రెండోది. దాన్ని టబ్బులో వెయ్యకుండా అరచేతిలోనే పెట్టుకొని కిటికీ దగ్గరికి నడిచాడు. సన్నటి తీగతో ఒక్కో బొక్కా పొడిచి చూశాడు. మూడు బొక్కలు. రెంటిలో వెంట్రుకల్లాంటి ఈకలు విప్పుకొని ఉన్న చిన్నపురుగులు, తీగ తగలగానే ముడుచుకున్నాయి. మూడోది అగ్గిపుల్ల తల దూరేటంత కూడా లేదు. తిప్పి చూశాడు, మళ్ళీ చూశాడు.

“ఇందులో ఏటీ నేదు,” అన్నాడు.

ఇరవై మూడోది అడుగురాయి, బరువైనది. దాన్నీ తీశాక తొట్టె ఖాళీ అయిపోవాలి. వెనక గోడకు ఆనించి, నీడలో, ఇంకొకటి మిగిలింది.

గవరయ్య చెయ్యి చాచి దాన్ని ముట్టుకున్నాడు. వేళ్ళు ఆగిపోయాయి. తొమ్మిదేళ్ళుగా ఆ తొట్టెలో ప్రతి రాయీ ఏ పక్క నున్నన, ఏ పక్క గరుకు అన్నది ఆ వేళ్ళకు తెలుసు. ఇది వాటికి తెలియదు. కొబ్బరికాయంత ఉంది. పైకి తీసి తిప్పాడు. అడుగున బూడిదరంగు ముద్ద పెట్టి ఇంకో రాయికి అతికించి, తర్వాత విరగ్గొట్టిన మచ్చ ఉంది. అలాంటి ముద్ద గవరయ్య జన్మలో వాడలేదు. రాయికి రాయి ఆన్చి, నిలవకపోతే బెజ్జం చేసి ప్లాస్టిక్ పుల్ల దిగ్గొట్టడం అతని పద్ధతి.

“ఇరవై నాలుగు,” అన్నాడు మెల్లగా.

లలితాంబ రాయిని చూడలేదు. మొగుడి వైపు చూసింది. త్యాగరాజు పేపరు అలాగే పట్టుకొని ఉన్నాడు.

గవరయ్య ఆ రాయిని వేరే బకెట్‌లో పెట్టాడు. చూడకుండా మాట అనడం అతనికి అలవాటు లేదు.

“సోడా ఉందా తల్లీ ఇంట్లో?”

“సోడా ఎందుకు?” అన్నాడు త్యాగరాజు ఉలిక్కిపడి.

“మనకి కాదులెండి. లోపలున్నోణ్ణి లేపడానికి.”

లలితాంబ ఫ్రిజ్‌లోంచి తెచ్చింది. రాయి పక్కన పెద్ద బొక్క. దాని నోటి చుట్టూ ఇసుకరేణువులు, గుల్లముక్కలు జిగురుతో అతికించుకొని గొట్టంలా కట్టుకున్న గూడు. గవరయ్య సిరంజిలో సోడా ఎక్కించి, ఆ గొట్టంలోకి నెమ్మదిగా పిచికారీ చేశాడు. బుడగలు వచ్చాయి. ఇంకొకసారి. బొక్క అవతలి వైపు నుంచి ఏదో మెరిసింది.

ముందు తల. దాని మీద ఐదు కొమ్ములు. తల వెనక తెల్లటి పట్టీ. ఆ తర్వాత ఒళ్ళు వస్తూనే ఉంది, పెన్సిలంత లావు, తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడ్డట్టు రంగురంగులుగా మెరుస్తూ, రెండు పక్కలా వందల కాళ్ళతో. లలితాంబ “అమ్మో” అని వెనక్కి జరిగింది. గవరయ్య పొడవాటి పటకారుతో దాన్ని తెగకుండా, లాగకుండా, అది వస్తున్న కొద్దీ చుట్టుకుంటూ తీసి, మూత ఉన్న సీసాలో వేశాడు. ఒక జానెడు తెగి లోపల ఉండిపోతే అదే మళ్ళీ పెరగొచ్చు. తోక కొస బయటికి వచ్చేదాకా తొందరపడలేదు. అడుగు పొడవున్న నేలపలక పక్కన సీసా పెట్టి చూస్తే చుట్టలు విప్పకుండానే రెండడుగులు దాటుతుందని తెలుస్తోంది.

“ఐదు కొమ్ముల జెర్రి,” అన్నాడు. “నేను రెండుసార్లే సూసాను, నా బతుకులో.” ఆ మాటలో ఒక్క క్షణం పాత సంబరం తొంగిచూసింది. మామూలు ఆదివారమైతే ఇద్దరూ ఆ సీసా మీద తలలు ఆన్చి కూర్చునేవాళ్ళు.

త్యాగరాజు లేచి వచ్చాడు. కానీ సీసా దగ్గరికి రాలేదు.

“దీనికి ఇంత ఒళ్ళు రావాలంటే ఏళ్ళు పట్టాల బాబుగారూ,” అన్నాడు గవరయ్య. “నా రాయి పిడికెడు. అందులో దీని మెడ కూడా పట్టదు. ఈ రాయి నా సేతిది కాదు. ఎవురిదండి ఇది?”

కింద వీధిలో బస్సు కండక్టరు “రాష్‌బిహారీ, రాష్‌బిహారీ” అని అరుస్తున్నాడు.

“చెప్పండి,” అంది లలితాంబ. “మీరు చెప్తారా, నేను చెప్పనా?”

త్యాగరాజు గొంతు సవరించుకున్నాడు. “ప్రదీప్‌కుమార్ గారిది.”

ప్రదీప్‌కుమార్ త్యాగరాజుకు పై ఆఫీసరు, జోనల్ హెడ్. ఆయన ఇంట్లోనూ తొట్టె ఉండేది. బొంబాయికి బదిలీ అయి దాన్ని మూసేస్తూ, మంచిరాయి ఒకటి త్యాగరాజుకు ఇవ్వాలనుకున్నాడు. గవరయ్య రెండో కన్ను ఆపరేషనై ఇంట్లో పడుకొని ఉన్న రోజుల్లో, తనే కారులో తీసుకొచ్చాడు. మర్నాడే గ్రూపువాళ్ళంతా ఈ ఇంట్లో కలుసుకోవాలి, ఆలోపు రాయి తొట్టెలో ఉండాలని ఆయన కోరిక.

“స్వయంగా తెచ్చాడయ్యా. ఈ హాల్లోనే నిలబడి, ‘పెట్టండి, పెట్టండి, నేను చూస్తాను’ అన్నాడు. ఆయనతో ఏమనమంటావు? సార్, మీ రాయి నలభై ఒక్క రోజులు బకెట్‌లో ఉంచుతానని చెప్పనా?”

“నాకైనా సెప్పాల గదండి. నేను ఆగమంటే సాలాసార్లు ఆగారు.”

“నీ సంగతి వేరు.”

“ఔనండి,” అన్నాడు గవరయ్య. “పెట్టేసారు, సరే. సేపలు పోతన్నప్పుడు తెలీలేదా, ఇది ఆ రాయిలోంచేనని?”

“అనుమానం వచ్చింది. కానీ గ్రూపులో ఆయనే ముందు అడిగాడు. ‘ఏమిటి త్యాగరాజు, ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అని. అందరూ చూస్తున్నారు. ఆయనకేం రాయను? మీ రాయే సార్ అని రాయనా?” త్యాగరాజు అరచేతులు విప్పాడు. “నువ్వైతే మనవాడివి. ఏమీ అనుకోవనుకున్నాను. నిన్ను ఏమీ అనొద్దని కూడా రాశాను చూడు.”

“ఆయన పేరు రాయడానికి సెయ్యి రానేదు. నా పేరుకైతే తిన్నగా ఒచ్చింది.”

“అలా అంటావేం?”

“కళ్ళు అన్నారు బాబుగారూ.” గవరయ్య గొంతు పెద్దది కాలేదు. “నా పేరొక్కటే రాసుంటే పోన్లే అనుకుందును. కళ్ళు కనపడనోడన్నారు. ఆ కళ్ళు బాగు సేయించింది మీరే. నేను మా ఇంట్లోదానికి ఎన్నిసార్లు సెప్పుకున్నానో, త్యాగరాజు బాబు నేకపోతే గుడ్డోణ్ణయిపోయీవోణ్ణని. మీరు ఆ సంగతే పట్టుకొని… ఒకటిన్నర నెలయింది. నాకే కనపడలేదని, నేనే సేపల్ని సంపేసేనని, ఒకటిన్నర నెలపాటు నమ్మేను.”

త్యాగరాజు కిటికీలోంచి బయటికి చూశాడు.

“ఒక్క ముక్క రాయండి గ్రూపులో,” అన్నాడు గవరయ్య. “ఆ దొరగారి పేరొద్దు. ఎవురి పేరూ ఒద్దు. అది గవరయ్య రాయి కాదు, అంతే. సాలు.”

“రాస్తాను. రాయకుండా ఎందుకుంటాను? ముందు తొట్టె సంగతి చూడు, చేపలు టబ్బులో ఎంతసేపుంటాయి?”

అది నిజమే. గవరయ్య చేతులు కడుక్కొని పని మొదలుపెట్టాడు.

తీసినదానికంటే పేర్చడం కష్టం. అడుగురాయి ముందు ఇసుకను దాటి గాజుకే ఆనాలి, లేకపోతే ఇసుకలో దూరే ప్రాణులు తవ్వి కూలదోస్తాయి. దాని మీద రెండు, వాటి నడుమ నీళ్ళు తిరగడానికి జానెడు ఖాళీ. ఒక్కో రాయీ పెట్టాక వేలితో నొక్కి, కదలదని రూఢి చేసుకొని, చెయ్యి తీసేవాడు. లలితాంబ టబ్బులోంచి అందిస్తోంది. త్యాగరాజు ఫోను తీసి, సీసాలో పురుగుకు రెండు ఫొటోలు తీసుకున్నాడు. వెలుతురు చాలలేదని సీసాను కిటికీ వైపు తిప్పి ఇంకొకటి తీశాడు. సోఫాలో కూర్చొని బొటనవేళ్ళతో ఏదో కొడుతున్నాడు. గవరయ్య అటు చూసి, మళ్ళీ నీళ్ళలోకి చూశాడు. మనసు కొంచెం తేలికపడింది. రాస్తున్నాడు కదా.

పదిహేడో రాయి పెడుతుండగా బల్లమీద లలితాంబ ఫోను మోగింది. ఆ గ్రూపులో గవరయ్య లేడు గానీ ఆమె ఉంది. చేతులు తుడుచుకొని తీసింది.

“పెట్టారు,” అంది ముఖం విప్పారి. “చదవనా గవరయ్యా?”

“సదవండి తల్లీ.”

“ ‘మిత్రులారా, దొంగ దొరికాడు. గవరయ్య ఈరోజు తానే మా ఇంటికి వచ్చి, ఐదు గంటలు కష్టపడి, తన…’ ” ఆమె ఆగింది.

“సదవండమ్మా.”

“ ‘తన రాయిలో వచ్చిన ఈ పురుగును తన చేత్తోనే పట్టాడు. తప్పు తెలుసుకొని సరిదిద్దుకోవడం అందరికీ చేతకాదు. కూలి కూడా తీసుకోలేదు. గవరయ్యకు జేజేలు.’ ” చివరి మాటలు దాదాపు వినపడకుండా చదివింది. ఫోను టింగుటింగుమంటూనే ఉంది. చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు వచ్చిపడుతున్నాయి. వాటిలో ప్రదీప్‌కుమార్‌ది కూడా ఒకటి.

గవరయ్య చేతిలో రాయి నీళ్ళలో ఉంది. చెయ్యి తప్పితే పక్కనున్న పగడం చిరుగుతుంది. రాయిని దాని చోట ఆన్చి, నొక్కి చూసి, అప్పుడు చేతులు బయటికి తీశాడు.

“బాగానే రాశాను కదా గవరయ్యా,” అన్నాడు త్యాగరాజు. “అందరూ ఎలా మెచ్చుకుంటున్నారో చూడు. నీ ఆరిళ్ళూ మళ్ళీ పిలుస్తాయి, నాదీ పూచీ.”

“పిలుస్తారేమో బాబుగారూ. సెయ్యని తప్పు ఒప్పుకున్నోడని పిలుస్తారు.”

“నువ్వు ప్రతిదీ అలా లోతుగా…”

“తుడిచెయ్యండి అది,” అంది లలితాంబ. “ఇప్పుడే తుడిచెయ్యండి.”

“అందరూ చూసేశాక తుడిచేస్తే బాగుంటుందా? ప్రదీప్‌కుమార్ గారు కూడా చూశారు. రెండురోజులు పోనీ.”

“పోనివ్వండి తల్లీ,” అన్నాడు గవరయ్య. “తరవాత రాయి ఇలాగందించండి. ఆ పొడుగుది.”

ఇంకా ఆరు రాళ్ళు మిగిలాయి. లలితాంబ అందిస్తూ మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుంది. గవరయ్య చూడనట్టే ఉన్నాడు. ఏ ఆదివారమూ చెయ్యనంత జాగ్రత్తగా పేర్చాడు. కోసేసిన పగడం అంచును బ్లేడుతో శుభ్రంగా కత్తిరించి, వెలుతురు నేరుగా పడనిచోట పెట్టాడు. పాత నీళ్ళు తోడి పోశాడు. కొత్తగా ఉప్పు కలిపి ఉంచిన నీళ్ళు ఒక చుక్క ఉప్పు కొలిచే గొట్టం గాజు మీద వేసి, దాన్ని కిటికీకి ఎత్తి చూశాడు. కొంచెం చిక్కగా ఉంది. ఒక చెంబు మంచినీళ్ళు కలిపి మళ్ళీ చూశాడు. ఈసారి సరిపోయింది, తొట్టెలో పోశాడు. అప్పుడు చేపల్ని ఒక్కొక్కటీ దోసిలిలోకి తీసుకొని వదిలాడు. నారింజ చారలవి రెండూ కాసేపు గోడ పక్క నక్కి, తర్వాత తమ పగడం ఎక్కడుందో వెతుక్కుంటూ బయల్దేరాయి.

పురుగున్న సీసాను మూత బిగించి త్యాగరాజు ముందు బల్ల మీద పెట్టాడు. ఇరవై నాలుగో రాయి ఉన్న బకెట్‌ను ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

“ఈ రెండూ మీయి బాబుగారూ.”

“రాయి నువ్వు తీసుకెళ్ళు గవరయ్యా. మాల వేసి…”

“నాకొద్దండి.”

తర్వాత లలితాంబను తొట్టె దగ్గరికి పిలిచాడు. పంపు మీట ఎక్కడ, నీళ్ళు వడకట్టే జాలీ ఎన్నిరోజులకోసారి కడగాలి, నీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళు కాదు మంచినీళ్ళే పొయ్యాలన్న సంగతి, రేపూ ఎల్లుండీ మేత సగమే వెయ్యాలన్న సంగతి, ఒక్కోటీ చేత్తో చూపించి చెప్పాడు. ఆమె తలూపుతూ విని, చివర్లో అడిగింది.

“ఇదంతా నాకెందుకు చెప్తున్నావు? వచ్చే ఆదివారం నువ్వు రావా?”

“పని తెలిసినోణ్ణి ఎవుర్నయినా పిలుసుకోండమ్మా.”

త్యాగరాజు బల్ల మీద మోగుతున్న ఫోను చూసి, దాన్ని బోర్లా తిప్పిపెట్టాడు.

గవరయ్య పంపు వేశాడు. నీళ్ళు మొదట పాలలా మసకగా కదిలాయి. ఇసుక దిగేదాకా చేతులు కట్టుకొని నిలబడి చూశాడు. నీళ్ళు తేరుకొని వెనక గోడ కనిపించింది. ముందు గాజు మీద తన వేలిముద్రలన్నీ తువ్వాలుతో తుడిచి, తువ్వాలు పిండి, మడిచి, ఇన్నాళ్ళూ తన దగ్గరే ఉన్న తొట్టె కింది అలమర తాళంచెవితోపాటు లలితాంబ చేతిలో పెట్టాడు.

“పనయిపోయింది తల్లీ. సూసుకోండి.”